ముదిమిలో నడక, యాత్ర

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



రజతోత్సవము జరుపుకొనుచున్న గ్రంథాలయమున ముసలితనమును గూర్చి ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. సంస్థకు 25 ఏండ్లన్న మంచి పడుచుదనమే. కాని సంస్థతోపాటు దాని చందాదారులకును 25 ఏండ్లు గడచినవి. నాడు నలుబదియైదేండ్ల ప్రాయమున చందా కట్టినవారికి నేడు డెబ్బది నిండినవి. ఏ పల్లెలోని గ్రంథాలయమునకు వెళ్లి చూచినను, ఉదయమున దినపత్రిక కొరకు వచ్చి కూర్చుండువారిలో తల నెరసినవారే హెచ్చు. పొలము కొడుకుల చేతికిని, తాళపుచెవులు కోడండ్ర చేతికిని అప్పగించి, లేదా ఉద్యోగము నుండి విరమించి, మిగిలిన పదునైదు ఇరువది యేండ్లు ఎట్లు గడపవలెనను ప్రశ్న వారి ముందున్నది. అది వారి ప్రశ్న మాత్రమే కాదు. ముదుసలి తల్లిదండ్రులు గల ప్రతి యింటి ప్రశ్న.

దీనికి పల్లెలలో వాడుకలో నున్న సమాధానము ఒక్కటే. ‘కృష్ణా రామా అనుకొంటూ ఒక మూల కూర్చోండి’ అని పిల్లలు అందురు. ఆ మాటలో ప్రేమ కలదు, మర్యాద కలదు. కాని ఆ మాట విని మూల కూర్చున్నవారికి జరుగునది యేమి? మొదట చెరువుగట్టుకు పోవుట మానుదురు. పిదప వీథి చివర దాక పోవుట మానుదురు. పిదప వాకిలి దాటుట మానుదురు. కొంతకాలమునకు మంచము దిగుటకే ఒకరి చేయి కావలసి వచ్చును. ‘వయస్సు మీద పడినది, ఏమి చేయగలము’ అని ఇంటివారు సమాధానపడుదురు. ఆ క్షీణతలో వయస్సు చేసినది కొంత, ఊరక కూర్చుండుట చేసినది కొంత. వయస్సు చేసినదానిని ఎవరును ఆపలేరు. రెండవదానిని చాలవరకు ఆపవచ్చును. ‘కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి’ అను సామెత ధనమును గూర్చి పుట్టినది. అది దేహమునకును చెల్లును.

పూర్వులు ముదిమిని మూలకు కట్టివేయలేదు. ఆశ్రమములు నాలుగింటిలో మూడవదానికి వానప్రస్థమని పేరు పెట్టిరి. వనమునకు బయలుదేరుట యని ఆ పేరే చెప్పుచున్నది. సంసారపు బాధ్యతలు తీరిన పిదపనే కాశీరామేశ్వర యాత్రలు పెట్టుకొనుట ఆచారముగా నుండెను. ‘కాశికి పోయినవాడు కాటికి పోయినవాడు ఒకటే’ అను సామెత ఆ ప్రయాణము ఎంత కష్టమో తెలుపుచున్నది. అయినను ముసలివారు పోయిరి. కొందరు తిరిగి వచ్చిరి, కొందరు రాలేదు. మధిర సుబ్బన్న దీక్షితులవారి ‘కాశీమజిలీ కథలు’ తెలుగునాట అంతగా వ్యాపించుటకు ఒక కారణము ఇదియే: కాశికి నడచుట, మజిలీలో దిగుట, అలసట తీర కథ చెప్పుకొనుట, మరల నడచుట యనునది ఇంటింట తెలిసిన అనుభవము.

ఇట్టి యాత్రలలో తెలుగువారు మరువరానిది ఏనుగుల వీరాస్వామయ్యగారిది. 1780 ప్రాంతమున జన్మించిన ఆయన చెన్నపట్టణపు సుప్రీము కోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసినవారు. ఏబది యేండ్ల ప్రాయమున, 1830 మే 18వ తేదీన చెన్నపట్టణము నుండి కాశీయాత్రకు బయలుదేరిరి. కుటుంబము, బంధువులు, పరిచారకులు కలిసి సుమారు నూరుగురు వెంట నుండిరి. దక్షిణదేశమున ప్రయాణికుల మొదటి రైలు నడచినది 1856లో; కనుక ఆయన కాలమున రైలు ఊసే లేదు. తిరుపతి, కడప, శ్రీశైలము, హైదరాబాదు, నాగపూరు, జబ్బలుపూరు, ప్రయాగల మీదుగా కాశి చేరి, గయ, పట్నా, కలకత్తా ప్రాంతములు చూచి, జగన్నాథము, గంజాము, విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, నెల్లూరుల మీదుగా 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరిరి. పదునైదు నెలలకు మించిన ప్రయాణము.

ఆయన అంత దూరమును కాలినడకన పోలేదు. పల్లకి కలదు, దానిని మోయు బోయీలు కలరు, గంగపై పడవలు కలవు. బోయీల భుజములును, పరిచారకుల కాళ్లును ఆ యాత్రను నడిపినవని చెప్పుట న్యాయము. కాని ఏబది యేండ్లు నిండిన మనిషి, సుఖముగా ఇంట కూర్చుండుటకు అన్నియు నున్నవాడు, పదునైదు నెలలపాటు ప్రతిదినము క్రొత్త ఊరిలో దిగి, క్రొత్త నీరు త్రాగి, క్రొత్త మనుష్యులతో మాటలాడుటకు సిద్ధపడెను. అందులోనే ఆయన గొప్పతనము కలదు. ఆయన కన్నులును ఊరక యుండలేదు. ఏ ఊరికి ఏ ఊరు ఎంత దూరము, దారి ఎట్టిది, నీళ్లెక్కడ దొరకును, అంగళ్లు కలవా, దిగుటకు వసతి కలదా, అచ్చటి జనుల నడవడి యెట్టిది యని దినచర్యగా వ్రాయుచు వచ్చిరి. ఆ సంగతులను మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాస పిళ్లగారికి తెలుపుచుండిరి. వీరాస్వామయ్యగారు 1836లో గతించిరి. పిళ్లగారు 1838లో ఆ దినచర్యను ‘కాశీయాత్రచరిత్ర’ యను పేర అచ్చు వేయించిరి. 1941లో దిగవల్లి వేంకట శివరావుగారు దానిని సంస్కరించి మరల ప్రకటించిరి. తెలుగున యాత్రాగ్రంథములకు అదియే మొదటిది. నడివయస్సు దాటిన ఒక గృహస్థు ఇల్లు కదలినందున ఒక జాతికి ఆనాటి దేశచరిత్ర దక్కినది.

ఇక దేహము సంగతి. వైద్యులు నేడు చెప్పుదానిలో చాలభాగము ప్రాచీనులకు తెలియనిది కాదు. ప్రమేహరోగికి నూరు యోజనములు కాలినడకన పొమ్మని సుశ్రుతుడు విధించెను. వ్యాయామము మంచిదే గాని తన శక్తిలో సగము వరకే చేయవలెనని ఆయుర్వేదము హద్దు పెట్టినది. శ్వాస నోటితో తీయవలసిన స్థితి వచ్చినప్పుడు ఆ సగము పూర్తి యైనదని గుర్తు చెప్పినది. నేటి వైద్యులు అదే సంగతిని మరొక విధముగా చెప్పుదురు: నడచునప్పుడు తోడివారితో మాటలాడగలిగి, పాట మాత్రము పాడలేని వేగము తగిన వేగము. రెండు గుర్తులును యంత్రము అవసరము లేనివే.

ఊరక కూర్చుండుట వలన కలుగు కీడును లెక్కకట్టి చూపినవారిలో ఆంగ్లేయ వైద్యుడు జెర్రీ మారిస్ ముఖ్యుడు. ఆ కాలమున లండను నగరపు రెండంతస్తుల బస్సులలో డ్రైవరును కండక్టరును ఒకే బండిలో, ఒకే గంటలు పనిచేయుచుండిరి. డ్రైవరు కూర్చుండెడివాడు, కండక్టరు టిక్కెట్లిచ్చుటకు దినమంతయు మెట్లెక్కి దిగుచుండెడివాడు. వేలకొలది ఉద్యోగుల లెక్కలు తీసి చూడగా, కండక్టర్లకు గుండెజబ్బు డ్రైవర్లకంటె తక్కువగాను, వచ్చినను తీవ్రత తక్కువగాను కనబడెను. ఉత్తరములు పంచుటకు నడచు తపాలావారికిని, బల్లవద్ద కూర్చుండు గుమాస్తాలకును ఇదే తేడా కనబడెను. ఈ పరిశోధన 1953లో ప్రకటింపబడినది. 1910లో పుట్టిన మారిస్ తాను చెప్పినదానిని తానే ఆచరించి 2009 వరకు జీవించెను.

మంచము మాట మరింత గట్టిది. అమెరికాలో అరువది దాటిన ఆరోగ్యవంతులను పదిదినములు మంచము మీదనే యుంచి పరీక్షించి, ఆ ఫలితమును 2007లో ప్రకటించిరి. ఆ పదిదినములలో వారి కాళ్లనుండి సుమారు ఒక కిలో కండ తరిగిపోయెను. రోగము లేనివారికే అట్లయిన, జ్వరము తగ్గిన పిదపను ‘నీరసముగా ఉన్నారు, లేవవద్దు’ అని వారములకొలది పడుకోబెట్టిన ముసలివారి సంగతి ఊహించుకొనవచ్చును. నీరసము పోవుటకని పడుకొనుట, పడుకొనుట వలన నీరసము పెరుగుట: ఈ సుడిగుండమున పడి మరల లేవలేకపోయినవారు ప్రతి ఊరిలోను కలరు. కనుక వైద్యుడు వలదన్నప్పుడు తప్ప, రోగము తగ్గగానే లేపి నాలుగడుగులు నడిపించుట ఇంటివారు చేయదగిన సేవ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన సూచనలు కూడ దీనినే చెప్పుచున్నవి. అరువదియైదు దాటినవారును శక్తి యున్నంతవరకు వారమునకు 150 నుండి 300 నిమిషముల వరకు మధ్యరకపు శ్రమ చేయవలెను. అనగా దినమునకు అరగంట చొప్పున వారమున ఐదు దినములు నడచిన చాలును. దానికి తోడు వారమున మూడు దినములైనను కాళ్లకు బలమును, నిలుకడను ఇచ్చు అభ్యాసములు చేయవలెను. అంత చేయలేనివారు చేయగలిగినంత చేయుట మేలు. ఏమియు చేయకుండుట కంటె కొంచెమైనను మంచిదే.

ముదిమిలో నడచి చూపినవారికి కొదువ లేదు. 1930 మార్చి 12వ తేదీన సబర్మతి నుండి దండికి బయలుదేరినప్పుడు గాంధీజీకి అరువది దాటినవి. వెంట నడచిన 78 మందిలో పడుచువారే హెచ్చు. 241 మైళ్లు, 24 దినములు. ప్రతి సోమవారము విశ్రాంతి. చేతికర్ర, విశ్రాంతిదినము, సమవేగము అను మూడింటిని ఆయన విడువలేదు. నేటి ముసలివారికిని ఆ మూడును అవసరమే. 1947 మొదట నౌఖాలిలో మతకలహముల మంటలు చల్లార్చుటకు ఆయన చెప్పులు లేని కాళ్లతో రెండు నెలలపాటు 47 గ్రామములు నడచెను. అప్పటికి వయస్సు 77. ఆ ప్రాంతపు కాలువలపై వెదురుబొంగుల వంతెనలు సన్నగా నుండును. వాటిని దాటుటకు ఆయన ముందుగా అభ్యాసము చేసికొనెను. డెబ్బదియేడేండ్ల వయస్సున ఒక క్రొత్త నడక నేర్చుకొనుటకు సిగ్గుపడలేదు. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అనువారికి ఇది చాలినంత సమాధానము.

వినోబాజీ సంగతి తెలుగువారికి మరింత దగ్గర. 1951లో వార్ధా నుండి హైదరాబాదు చెంతనున్న శివరాంపల్లిలో జరిగిన సర్వోదయ సమ్మేళనమునకు కాలినడకన వచ్చి, పిదప నల్లగొండ జిల్లా పల్లెలలో నడచుచు ఏప్రిల్ 18వ తేదీన పోచంపల్లి చేరిరి. భూమి లేని హరిజనులు 80 ఎకరములు అడుగగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరములు ఇచ్చెదనని లేచి నిలిచిరి. భూదానోద్యమము ఆనాడు పుట్టినది. వినోబాజీకి అప్పుడు 55 ఏండ్లు, దేహము బలహీనమైనది. అయినను అటుపిమ్మట పండ్రెండేండ్లకు మించి దేశమంతయు నడచుచునే యుండిరి. ఆయన బండిలో వచ్చి సభచేసి పోయియుండిన ఆ పల్లెవాసులు తమ మాట అంత చనువుగా చెప్పుకొనియుందురా యన్నది ఆలోచింపదగినది.

వీరు మహాపురుషులు, సామాన్యులకు సాధ్యమా యని అడుగవచ్చును. అమెరికాలో ఎమ్మా గేట్‌వుడ్ అను రైతు స్త్రీ కలదు. పదునొకండుగురు బిడ్డలను పెంచినది. దేశపు తూర్పుభాగమున కొండలవెంట జార్జియా నుండి మెయిన్ రాష్ట్రము వరకు రెండువేల మైళ్లకు మించిన కాలిబాట యున్నదని ఆమె ఒక పత్రికలో చదివెను. 1954లో బయలుదేరి, దారి తప్పి, కండ్లద్దములు పగిలి ఇంటికి తిరిగి వచ్చెను. మరుసటి యేడు మరల బయలుదేరెను. వయస్సు 67. కాళ్లకు గుడ్డజోళ్లు, భుజమున తానే కుట్టుకొన్న సంచి. ఆ సంవత్సరమే 146 దినములలో బాట చివర చేరెను. ఆ పత్రిక ఆమె కంటబడకున్న ఆ నడక లేదు. గ్రంథాలయములో బల్లపై పడియుండు ఒక పాత పత్రిక ఎవరిని ఎంత దూరము నడిపించునో ముందుగా చెప్పలేము.

పంజాబుకు చెందిన ఫౌజాసింగు, పాసుపోర్టు ప్రకారము 1911లో జన్మించినవాడు. భార్యయు ఒక కుమారుడును గతించిన దుఃఖమున, ఎనుబది దాటిన పిదప పరుగును చేపట్టెను. 2000లో లండను మారథాను పరుగెత్తెను. 2011లో నూరేండ్ల వయస్సున టొరాంటో మారథాను పూర్తిచేసెను. ఆయన పరుగు అందరికి పనికివచ్చునది కాదు. కాని దుఃఖము మనిషిని మూల కూర్చుండబెట్టినప్పుడు లేచుటకు కాళ్లు ఎట్లు తోడ్పడునో ఆయన చూపెను. 2025 జూలైలో స్వగ్రామము చెంత రోడ్డుపై ఒక వాహనము ఢీకొని ఆయన మరణించెను. ఈ సంగతిని కూడ మరువరాదు. నేడు పల్లెలలో నడచు ముసలివారికి వయస్సుకంటె రోడ్డువలన ప్రమాదము హెచ్చుగా నున్నది.

ఇంతవరకు చెప్పినది విని, ‘జీవితమంతయు నడుము వంచి పనిచేసిన కూలివానికి ఇంకను నడువుమని చెప్పుదురా’ అని అడుగువారు కలరు. ఆ ప్రశ్న సమంజసమైనది. డెబ్బదియేండ్లకును కూలికి పోనిదే పూట గడవని వృద్ధులకు కావలసినది వ్యాయామోపదేశము కాదు. విశ్రాంతి, పింఛను, కడుపునిండ తిండి. నాట్లు వేసి వేసి మోకాళ్లు అరిగిన స్త్రీకి నడక మందు కాకపోవచ్చును. ఆమెకు వైద్యుని సలహా ముందు, నడక తరువాత. ఈ ప్రసంగము ముఖ్యముగా కూర్చుండు స్థితి వచ్చినవారికి. అయితే ఆ కూలివారికి కూడ పని కానట్టి నడక, అనగా ఒక తిరునాళ్లకో, బిడ్డ ఊరికో, ఎన్నడును చూడని సముద్రపు ఒడ్డుకో పోవుట, హక్కుగా ఉండవలెను. ఆ నడకలో అలసట యున్నను ఎవరి ఆజ్ఞయు లేదు.

స్త్రీల సంగతి వేరుగా చెప్పవలెను. పల్లెలో పురుషుడు ముసలివాడైనను రచ్చబండ కలదు, గ్రంథాలయము కలదు. ముసలిదానికి వంటయిల్లు, పెరడు తప్ప వేరొకటి లేదు. పూర్వము ఆమెకు ఇల్లు దాటుటకు దొరకిన సాకు యాత్ర యొక్కటే. పుష్కరములకును, తిరుపతికిని, భద్రాద్రికిని గుంపుగా పోవు అమ్మమ్మల ముఖములు చూచినవారికి అది భక్తియే కాదు, విడుదలయు నని తెలియును. తెలంగాణలో 2023 డిసెంబరు నుండియు, ఆంధ్రప్రదేశములో 2025 ఆగస్టు 15 నుండియు ప్రభుత్వపు బస్సులు కొన్నింటిలో స్త్రీలకు టిక్కెట్టు లేకుండ ప్రయాణించు సదుపాయము కలిగినది. చేతిలో పైకము లేక కొడుకునో కోడలినో అడుగవలసిన అవస్థ ఎరిగిన ముసలితల్లికి ఇది చిన్న సంగతి కాదు. ఇంక కావలసినది ఇంటివారి అనుమతి కాదు, వారి ప్రోత్సాహము.

ఇంటివారి భయము అర్థము లేనిది కాదు. ముసలివారు పడిన తుంటియెముక విరుగును. విరిగిన పిదప మంచము పట్టుదురు. కాని పడుదురేమోయని కూర్చుండబెట్టుట వలన కాళ్లు బలము తప్పి, లేచిన ఒకనాడు తప్పక పడుదురు. భయమునకు మందు జాగ్రత్త. నిర్బంధము మందు కాదు. ఆ జాగ్రత్తలలో కొన్నింటిని చెప్పుట ఇచ్చట యుక్తము.

‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ అన్న సామెతను నడకకును అన్వయింపవచ్చును. మొదటి వారము వాకిట పది నిమిషములు, పిదప వీథిలో ఇరువది, పిదప చెరువుగట్టున అరగంట. కుర్చీలో నుండి చేతులు ఆనకుండ పదిమార్లు లేచి కూర్చుండుట తొడలకు బలము. గోడను పట్టుకొని ఒంటికాలిపై కొన్ని క్షణములు నిలుచుట నిలుకడకు అభ్యాసము. కంటిలో శుక్లములున్న ముందు వాటిని తీయించుకొనవలెను. కనబడని గుంట బలము గల కాలిని కూడ మడతపెట్టును. చేతికర్ర పట్టుట నామోషి కాదు. ఎండకాలమున ప్రొద్దెక్కక ముందే నడక ముగించి మజ్జిగ త్రాగవలెను. దాహము వేసిన పిదప త్రాగుదమనుకొనరాదు; ముదిమిలో దాహము ఆలస్యముగా తెలియును.

మధుమేహము గలవారు జేబులోనో కొంగుననో బెల్లపు ముక్కయో చక్కెరయో ఉంచుకొనవలెను. కాళ్ల తిమ్మిరులున్నవారు చెప్పులు లేకుండ నడువరాదు, ప్రతిరాత్రి అరికాళ్లను చూచుకొనవలెను. దేవుని కొండకు ఒట్టికాళ్లతో పోవు మ్రొక్కు మంచిదే కాని, తెలియక గుచ్చుకొన్న ముల్లు పుండై కాలినే తీయించిన సందర్భములు కలవు. గుండెలో బిగపట్టినట్లున్నను, తల తిరిగినను, ఊపిరి ఆడకున్నను అక్కడనే కూర్చుండి పిలువవలెను. ‘ఇంకొక నాలుగడుగులు’ అనరాదు. రోడ్డుపై నడచునప్పుడు ఎదురుగా వచ్చు బండ్లు కనబడునట్లు కుడిప్రక్కన నడువవలెను. చీకటివేళ తెల్లని వస్త్రము, చేత దీపము ఉండవలెను. డొంకయో, కాలువగట్టో దొరకిన చోట రోడ్డు ఎక్కకుండుటయే మేలు.

యాత్రకు పోవువారు వీరాస్వామయ్యగారి పద్ధతిని అనుసరింపవచ్చును. మజిలీలు ముందే నిర్ణయించుకొని, ఒకదినమున పోవలసిన దూరమును శక్తికి లోబరచుకొనవలెను. నేటి బస్సుయాత్రలలో మూడుదినములలో పదునైదు క్షేత్రములు చూపించి, ముసలివారిని మూటలవలె దింపి ఎక్కించుట కలదు. అట్టి యాత్రలో కాలికి వ్యాయామము లేదు, కంటికి తృప్తి లేదు. ఒక్క ఊరికి పోయి అక్కడ మూడుదినములుండి, తెల్లవారుజామున నదీతీరమున నడచి, సంతలో కూరలమ్మువారితో మాటలాడి వచ్చుట మేలు. తిరుమలకు అలిపిరి నుండి మెట్లు సుమారు మూడువేల అయిదువందలు. అరువది దాటినవారిలో మధుమేహము, రక్తపుపోటు, ఉబ్బసము, మూర్ఛ, కీళ్లజబ్బులు గలవారు నడచి ఎక్కవద్దని దేవస్థానమువారు 2024లో సూచించిరి. ఆ మాటను మన్నించుట భక్తికి లోటు కాదు. అలవాటు లేనివారు ఒక్కసారిగా కొండ ఎక్కుటకంటె, ఊరి గుట్టను నెలకు రెండుమార్లు ఎక్కి దిగుట నేర్చుకొనుట మంచిది. ‘నిదానమే ప్రధానము’ అను మాట ముదిమి కొరకే పుట్టినట్లున్నది. మందులు, వాటి పేర్లు వ్రాసిన చీటి, ఇంటివారి ఫోను సంఖ్య వ్రాసిన కాగితము ఎల్లప్పుడు ఒంటిమీద నుండవలెను.

ఈ పనిలో గ్రంథాలయమునకు భాగము కలదు. ఆంధ్రదేశపు గ్రంథాలయోద్యమము కదలికతో పెరిగినది. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము బెజవాడలో ఏర్పడినది మొదలు అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలైన కార్యకర్తలు ఊరూర తిరిగి గ్రంథాలయములను పెట్టించిరి. 1935లో పాతూరి నాగభూషణముగారి పూనికతో పెదవడ్లపూడి, పెదకళ్లేపల్లి గ్రామముల నడుమ కాలువపై పడవలో గ్రంథాలయము నడచినది. పాఠకుడు రాలేనిచోటికి పుస్తకము పోయినది. పుస్తకమే అంత దూరము పోగలిగినప్పుడు పాఠకుని ఇల్లు కదల్చుట అసాధ్యము కాదు.

ప్రతి గ్రామ గ్రంథాలయమునను యాత్రాగ్రంథములకు ప్రత్యేకముగ ఒక అర ఉంచవచ్చును. నెలకొక ఆదివారమున వృద్ధులైన చందాదారులు కలిసి దాపునున్న ఒక గుడికో, ఆనకట్టకో, పాత శాసనమున్న చోటికో నడచి రావచ్చును. వెంట ఇద్దరు యువకులు నీళ్లకుండతో పోవలెను. దారిలో పెద్దలు చెప్పు సంగతులను, పూడిపోయిన బావుల పేర్లను, మారిపోయిన పుంతల ఆనవాళ్లను, పొలముల పేర్లకు కారణములను ఒక పుస్తకమున వ్రాసి యుంచవలెను. ఆ సంగతులు తెలిసినవారు గతించిన పిదప అడుగుటకు ఎవరును ఉండరు. నడువలేనివారి ఇంటికి పుస్తకము తీసికొనిపోయి అరగంట చదివి వినిపించు పని పాఠశాల పిల్లలకు అప్పగింపవచ్చును. నడచినవారు చూచివచ్చినదానిని వారికి చెప్పవలెను. ఈ పనులలో దేనికిని ప్రభుత్వపు గ్రాంటు అవసరము లేదు.

కొడుకులును కోడండ్రును ఒక్క మాట గమనింపవలెను. ముసలితండ్రి చేతికర్ర తీసికొని వాకిలి దాటుచున్నప్పుడు ‘ఎక్కడికి, ఎందుకు’ అని గద్దించుటకంటె, ‘చెప్పులు సరిగా వేసికొన్నారా, మంచినీళ్లు తీసికొన్నారా’ అని అడుగుట మేలు. ఆ ప్రశ్నలో భయము తీరును, ఆయన గౌరవము నిలుచును.

నేడు అరువది యేండ్లవారు ఈ గ్రంథాలయపు స్వర్ణోత్సవము నాటికి ఎనుబదియైదేండ్లవారగుదురు. ఆనాడు వారిలో పలువురు తమ కాళ్లతోనే నడచివచ్చి, ఈ మెట్లు ఎక్కి, తాము చూచిన ఊళ్ల సంగతులు పిల్లలకు చెప్పుదురు గాక! అట్టి పాఠకులతో ఈ గ్రంథాలయము చిరకాలము వర్ధిల్లు గాక!